హైడ్రాకు తండ్రి లేడు

మీరే చేశారు ఇది. దేవుడు కాదు, గ్రహచారం కాదు, మీరే. వెంకటరత్నమ్మ గారూ, మీరు పిల్ల చదివే బడికి పెద్ద, బడి పరువు కోసం పాఠాన్ని సగానికి కోసేశారు. శశికళ టీచర్, మీరు ఆ మిగిలిన సగాన్నే ఏటేటా పిల్లల చేత వల్లె వేయించారు. హెర్బర్ట్ బావా, నువ్వు కన్న తండ్రివి, కూతురి మాట నమ్మలేదు. మీ ముగ్గురూ కలిసి మా అక్క బిడ్డ జయమణిని ఆ తలుపు వెనక బల్ల మీదికి ఎక్కించారు. పదిహేనేళ్ల పిల్ల. లోపల దాని పొట్ట కోస్తున్నారు, నేను బయట బెంచీ మీద కూర్చుని తలుపు మీద వెలిగే ఎర్ర బల్బును చూస్తున్నాను, చూస్తూ ఉంటే అది ఆరిపోతుందేమో అని భయం, ఆరిపోతే ఏంటి అర్థం, పని అయిపోయినట్టా, పిల్ల అయిపోయినట్టా, ఎవరూ చెప్పలేదు నాకు. బండి మీద తోసుకుపోతుంటే పిల్ల నా కొంగు పట్టుకుంది. జ్వరానికి చేయి కాలిపోతోంది. "చిన్నమ్మా, కోస్తే దానికి నొప్పయితదా" అని అడిగింది. దానికి అంటే తనకు కాదు, లోపల ఉన్నదానికి. తన కడుపులో మొగ్గ తొడిగిందనీ, అది తన బిడ్డనీ ఆ పిల్ల నమ్ముతోంది. జవాబు చెప్పేలోపే నర్సు నా కొంగు విడిపించింది, తలుపు మూసుకుంది. ఇప్పుడు మత్తులో ఉంది, మత్తులో కూడా అదే అనుకుంటూ ఉంటుందా, మత్తులో మనిషి ఏమైనా అనుకుంటుందా.

ఎదురుగా బావ. మోకాళ్ల మీద బత్తాయిల సంచి. మొజంజాహీ మార్కెట్‌లో దిగి ఏరి ఏరి కొనుక్కొచ్చాడు, పొట్ట కోసిన పిల్ల రెండు రోజుల దాకా మంచినీళ్లు కూడా తాగదని నర్సు చెప్పినా సంచి కింద పెట్టడు. నాంపల్లి స్టేషన్లో ఏదో బండి కూత వేసింది, కిటికీ అద్దాలు సన్నగా వణికాయి, కింద బేకరీలోంచి పిండి పులిసిన వాసన పైకి వస్తోంది. ఆ పులుపు కూడా ఆ మొగ్గ తొడిగే పనే. ఈస్టు. ఒక్క కణానికి పక్కన బుడిపె, బుడిపెకు ఇంకో బుడిపె, తల్లి లేదు తండ్రి లేడు, పిండి పొంగుతుంది. రొట్టె మీద పచ్చగా పట్టే బూజు అంతే, పొడిలా రాలి పడిన చోటల్లా మొలుస్తుంది. లోకమంతా ఈ పనే జరుగుతోంది, ఎవరినీ అడగకుండా, ఆగకుండా, ఒకటి రెండు, రెండు నాలుగు. పిల్ల కడుపులోని ఆ గడ్డ కూడా ఈ నిమిషంలో అదే చేస్తోందా. కత్తి కన్నా అదే ముందుందా. "ప్రేమలీలా" అన్నాడు బావ, "నన్ను గట్ల సూడకు." "ఎట్ల సూస్తున్న?" "పోలీసోడు సూసినట్టు సూస్తున్నవ్." "పోలీసోడైతే నువ్వు ఈపాటికి లోపలుంటుంటివి బావా." సంచి దగ్గరికి లాక్కున్నాడు. సంచిలోంచి ఒక బత్తాయి దొర్లి కింద పడింది, ఇద్దరం వంగలేదు.

ఆ బడిలో సైన్సు పుస్తకం పిల్లల చేతికి రాదు. టీచర్ చదివి చెబుతుంది, పిల్లలు రాసుకుంటారు. జీవులు ఎలా పుడతాయన్న పాఠం మొదలవుతుంది: అమీబా, ఈస్టు, హైడ్రా, బూజు. ఇందులో ఆడ లేదు, మగ లేదు, కాబట్టి సిగ్గు లేదు, గట్టిగానే చెబుతారు. ద్విధావిచ్ఛిత్తి, కోరకీభవనం, పళ్లు రాలే మాటలు. రెండుగా చీలడం, మొగ్గ తొడగడం అంటే ఏం పోయింది వీళ్లకు. సరే, చెబుతారు. పాఠం రెండో సగానికి, మనుషుల దాకా, వచ్చేసరికి మాత్రం సైన్సు పీరియడ్ మాయమైపోతుంది. దాని స్థానంలో కుట్టుపని పీరియడ్ పెడతారు. వెంకటరత్నమ్మ గారు పెట్టిన రివాజు, ఏ ఏడూ తప్పదు. దిండు గలీబులు పంచుతారు, వాటి మీద రంగుదారంతో గులాబీ మొగ్గలు కుట్టిస్తారు, నుమాయిష్ ఎగ్జిబిషన్ వచ్చినప్పుడు బడి స్టాలులో వరసగా వేలాడదీస్తారు. నేను చూశాను. ఆబిడ్స్‌లో రెడీమేడ్ కొట్టులో మిషను తొక్కి బతికేదాన్ని, చైనా యుద్ధమప్పుడు జవాన్ల చొక్కాలు కుట్టినదాన్ని, కూలి పెంచమని మిషన్లు ఆపించినదాన్ని, కుట్టు మంచిచెడ్డలు నాకు తెలుసు, కుట్టు బాగుంది. జయమణి కుట్టిన గలీబు ముందు నిలబడి మెచ్చుకున్నాను కూడా. ఏ మాటలు చెప్పకుండా ఉండడానికి ఆ మొగ్గలు కుట్టించారో నాకు ఎవరు చెప్పాలి అప్పుడు.

సెలవు రోజున జయమణి హాస్టల్ నుంచి నా గదికి వచ్చేది. చాదర్‌ఘాట్ వంతెన కింద మురికి వాసన లోపలికి రాకుండా కిటికీ మూసుకుని, స్టవ్ మీద చాయ్ పెట్టుకుని, పిల్ల మాట్లాడుతుంటే నేను వింటూ చొక్కాలకు కాజాలు కుట్టుకునేదాన్ని. ఆ ఏడు హైడ్రా తప్ప వేరే మాట లేదు. శశికళ టీచర్ బాగేఆం తోట కొలనులోంచి నాచుతో సహా సీసాలో నీళ్లు తెచ్చి బడి కిటికీలో పెట్టింది. నాచుకు అంటుకుని నూలుపోగంత జీవి, పోగు చివర పీచులు విడినట్టు చేతులు. "చిన్నమ్మా, హైడ్రాకు మొగుడుండడు" అంది. "నా లెక్కనే, అదృష్టవంతురాలు" అన్నాను. నవ్వలేదు, అంత శ్రద్ధ. "పక్కపొంటి బుడిపె లెక్క వస్తది. దానికే చేతులు మొలుస్తయి. పెద్దగయినంక అదే ఇడిసిపెట్టి పోతది. తల్లికి నొప్పుండది." "తల్లికి తెల్వదా మరి?" "దాన్ని ఎవ్వలు అడగరు గద చిన్నమ్మా." పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా పెరిగిన బుడిపెను చూడడానికి ప్రార్థన గంటకు ముందే పరుగెత్తేది. డిసెంబర్‌లో క్రిస్మస్‌కు మెదక్‌లో వాళ్ల గుడిలో మరియ వేషం కూడా ఈ పిల్లదే, నీలం బట్ట నేనే కుట్టి పంపాను, మెడ దగ్గర కొంచెం వదులైంది. పురుషుడు లేకుండా బిడ్డ అన్న మాట ఆ పిల్ల మాటలు రాని వయసు నుంచీ వింటోంది, తండ్రి నోటనే వింటోంది, బావ అక్కడ మిషన్ బడిలో పంతులు, ఆదివారం వాక్యం చెబుతాడు. గుడిలో విన్నది అదే, బడిలో రాసుకున్నదీ అదే. పిల్ల తెలివి తక్కువది కాదు. మీరు సగం ఇచ్చారు, ఆ సగంతో లెక్క కట్టింది, లెక్క సరిగ్గానే కట్టింది.

పొట్ట ఎత్తుగా అవుతోంది. ముట్టు ఆగింది. పిల్ల భయపడలేదు, అదే నన్ను చంపుతోంది, భయపడి ఉంటే ఎవరికో ఒకరికి చెప్పేది. దాచుకుంది, ఇష్టంగా దాచుకుంది, రాత్రి దుప్పటి కింద చేయి వేసుకుని పడుకునేదట. పెద్దగా అయ్యాక అదే విడిచిపెట్టి పోతుంది కదా. హాస్టల్లో స్నానాల దగ్గర ఎవరో చూశారు. వెంకటరత్నమ్మ గారు పిలిపించి తలుపు వేసి అడిగారు, పిల్ల ఉన్నది ఉన్నట్టు చెప్పింది, ఆమెకు వెక్కిరింతలా వినిపించింది. పెట్టె సర్దించి ఇంటికి పంపేశారు. నేను పోయి అడిగాను, డాక్టరుకు ఎందుకు చూపలేదమ్మా అని. చల్లగా, చక్కటి తెలుగులో చెప్పింది. "డాక్టరుకు చూపిస్తే బయట తెలుస్తుందమ్మా. మా స్కూలుకి ఒక పేరుంది. మీ పిల్లకు కూడా అదే మంచిది." పేరు. ఆ పేరు కింద గడ్డ పెరుగుతూనే ఉంది. మెదక్‌లో బావ కామెర్లని చెప్పి పిల్లను వెనక గదిలో పెట్టాడు. అక్క నోరెత్తలేదు, ఇంట్లో ఇంకా చిన్నపిల్లలున్నారు, ఆయన అన్నం మానేశాడు, పిల్ల ఒప్పుకునేదాకా ముట్టనని. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో పిల్లను మధ్యలో మోకాళ్ల మీద కూర్చోబెట్టేవాడు. "ఒప్పుకో బిడ్డా, ప్రభువు క్షమిస్తడు, ఎవడో చెప్పు." ఎవడో అంటే ఏమిటో పిల్లకు తెలియదు. ఏ పాపమో తెలియకుండా పాపం కోసం వెతుక్కుంది, ఆ కడుపుతో మోకాళ్ల మీద. చివరికి తండ్రి ఎండిపోతున్నాడని జాలిపడి ఒప్పుకుంది. ఏమని ఒప్పుకుంది. "నాయనా, నేను హైడ్రాను సూసి నాకు గూడ గట్లనే ఒకటి కావాల్నని మనసుల అనుకున్న. అదే పాపం." బావ చెయ్యి లేచింది. ఇంత పెద్ద మనిషి, డిసెంబర్ డిసెంబర్‌కూ దేవదూత వచ్చి చెప్పిన మాట కన్నీళ్లతో చదివే మనిషి, కన్నకూతురు అదే మాట చెబితే చెంప మీద కొట్టాడు.

మెదక్‌కు నేను మొదటిసారి పోయినప్పుడు పిల్లను నాతో పంపలేదు. "ఊరంత సూస్తరు" అన్నాడు. వెనక గదిలో పిల్ల నా చెవిలో అంతా చెప్పింది, చెబుతూ నా చేయి తీసి పొట్ట మీద పెట్టుకుంది, గట్టిగా ఉంది, ఒక పక్కకు ఉంది, కదలడం లేదు. కదలడం లేదు అన్నది నా వేళ్లకు తెలిసింది కానీ ఆ తెలివికి పేరు లేదు నా దగ్గర. నేను చదివింది అయిదో తరగతి. తిరిగొచ్చిన ఆదివారం ఆబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచే చోట కూర్చుని సైన్సు పుస్తకం కోసం వెతికాను. పుస్తకాలతను "గిది డాక్టర్ సదివే పిల్లలది, నీకెందుకమ్మా" అన్నాడు. "డాక్టర్ పిల్లలకే పుడుతరా బిడ్డలు" అన్నాను, నోరు మూసుకుని ఇచ్చాడు. పెద్ద పోస్టాఫీసు మెట్ల మీదనే చదవడం మొదలుపెట్టాను, ఇంటిదాకా ఆగలేక. తెలుగే అయినా సగం మాటలు అర్థం కాలేదు, వేలు పెట్టి చదివాను. అమీబా నిలువునా రెండైపోతుంది, అప్పుడు తల్లి ఏది పిల్ల ఏది, ఏదీ కాదు, చచ్చిపోయినదంటూ లేదు. అంత చిన్న బతుకుకే ఆ సుఖం. మనిషికి లేదు. మనిషికి ఇద్దరు కావాలి, మనిషి మొగ్గ తొడగదు, కాబట్టి పిల్ల నిజం చెబుతోందంటే ఇది బిడ్డ కాదు. పిల్ల అబద్ధం చెప్పదు. కాబట్టి ఇది ఇంకేదో. అదే పేజీలో ఇంకో మాట ఉంది, అది చదవకపోయినా బాగుండేది: హైడ్రాను ముక్కలు కోస్తే ఏ ముక్కకు ఆ ముక్క మళ్లీ హైడ్రా అవుతుంది. ఇప్పుడు ఈ బెంచీ మీద నా బుర్రలో తిరుగుతున్నది అదే. లోపల కోస్తున్నారు. కత్తికి తెలుసా ఏది ముక్క, ఏది పిల్ల. ఒక తునక జారి లోపల ఉండిపోతే. అది మళ్లీ ఒకటి రెండు, రెండు నాలుగు. పిచ్చిదానా, గడ్డ వేరు, హైడ్రా వేరు. వేరని ఎవరు చెప్పారు నీకు. ఎవరూ చెప్పలేదు, నాకూ సగమే తెలుసు, నేను చదివింది ఒక్క పుస్తకం, దాని చివరి పేజీలు చెదలు తిన్నాయి.

రెండోసారి పోయేసరికి పిల్ల కక్కుతోంది, ముడుచుకుపోయి అరుస్తోంది, అరుపు బయటికి పోకుండా కిటికీలు మూశారు. కిటికీలు తెరిచాను. గల్లీ అంతా వినేలా బావతో తగువు పెట్టుకుని పిల్లను బస్సెక్కించాను, ఆయన వెనకే వచ్చాడు, దారి పొడుగునా నా ఒళ్లో వాంతులే, ఒక్క మాట చెప్పే వీలు లేదు, వినే ఓపిక పిల్లకు లేదు. ఈ దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి బయటికి వచ్చి బావ మొహంలోకే చూసి చెప్పింది. "బిడ్డ గిట్ల ఏం లేదు. కడుపుల అండాశయం అని ఉంటది, దాని మీద గడ్డ, ముట్టు ఆగింది గూడ దానితోనే, ఇప్పుడది మెలితిరిగింది. ఎన్నడో తీసుకరావాలె. కోసినంకనే తెలుస్తది మంచిదో చెడ్డదో." అప్పుడు బావ ఏం చేశాడు. చేతులు పైకెత్తి "ప్రభువుకు స్తోత్రం" అన్నాడు. ఏడ్చాడు, సంతోషంతో ఏడ్చాడు. కూతురి కడుపులో చావు ఉందో ఏముందో తెలియదు, బిడ్డ మాత్రం కాదు, అంతే చాలు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఆ స్తోత్రం తర్వాతే కదా బత్తాయిలు కొనడానికి పోయాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. డాక్టరు కాదు. శశికళ టీచర్. గొడుగు మడిచి పట్టుకుని, చీర కుచ్చిళ్లు తడిసి, బషీర్‌బాగ్ నుంచి నడిచొచ్చినట్టుంది, బస్సులు సరిగ్గా లేవట. ఎవరు చెప్పారో ఏమో. వచ్చి బెంచీ చివర కూర్చుంది. "ఎట్లున్నదమ్మా పాప?" "లోపలున్నది." "నేనేం జెయ్యాలమ్మా, పై నుంచి గట్ల చెప్పిన్రు. నా నౌకరి..." "నౌకరి ఉన్నది గద ఇంక." గొడుగు బెంచీకి ఆనించింది. తనంతట తానే అంది, గొంతు తగ్గించి, బావకు వినపడకుండా. "హైడ్రా మొగ్గ రాలిన నాడు క్లాసుల అందరికన్న ముందు అదే సూసింది. టీచర్, తల్లి బతికే ఉన్నది అని ఒర్రుకుంట వచ్చింది." నాకు ఆమె మీద కోపం ఎక్కువైంది. మంచి మనిషి కాబట్టి ఎక్కువైంది. సీసాలో నీళ్లు మోసుకొచ్చి, పిల్లలకు కళ్లు ఇచ్చి, సరిగ్గా అవసరమైన చోట ఆ కళ్లకు గంతలు కట్టింది. ఏమీ నేర్పనివాడి వల్ల ఇంత ప్రమాదం రాదు. సగం నేర్పినవాళ్లే చంపుతారు. ఈ మాట పైకి అన్నానో లోపలే అనుకున్నానో, ఆమె గొడుగు చివర నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా సిమెంటు మీద పడుతుంటే చూస్తూ కూర్చుంది, బండి ఇంకొకటి కూత వేసింది, ఎర్ర బల్బు, ఎర్ర బల్బు, ఎంతసేపు కోస్తారు ఇంత చిన్న పిల్లను, ఊపిరి తీసుకుంటోందా, ఎవరైనా చూస్తున్నారా దాని ఊపిరి.

బల్బు ఆరింది. లేచి తలుపు దగ్గరికి పోయాను. డాక్టరమ్మ ముక్కుకు కట్టుకున్న గుడ్డ గడ్డం కిందికి లాక్కుంటూ వచ్చింది. "బతికింది" అని ముందు ఆ మాటే చెప్పింది, దండం ఆమెకు. "గడ్డ పగలకుంట వచ్చింది. ఆ పక్క అండాశయం పోయింది, రెండోది మంచిగున్నది, అదొక్కటి సాలు. ముక్క పరీక్షకు పంపుతున్నం. జవాబు వచ్చేదాక మిగిలింది నేను చెప్పలేను. జరసేపట్ల తెలివొస్తది, పోయి కూసోన్రి." పోయింది. ముగ్గురం నిలబడి ఉన్నాం. బావ కళ్లు తుడుచుకుని, పెద్దమనిషి గొంతు తెచ్చుకుని, "పిల్లకు అపెండిక్స్ అని చెప్దాం" అన్నాడు. "ఇంట్ల అందరికి గూడ గదే మాట." శశికళ టీచర్ తలూపింది. "ఔ, గదే నయం. పసిది, ఇప్పుడు గివన్ని ఎందుకు."

ఇప్పుడు కూడా. కుట్ల మీద దూది ఇంకా తడి ఆరలేదు, అప్పుడే మళ్లీ మొదలుపెట్టారు. పిల్ల కళ్లు తెరుస్తుంది, ముందు చేయి పొట్ట మీదికి పోతుంది, అక్కడ ఎత్తు ఉండదు, గుడ్డ కట్టు ఉంటుంది. నా బిడ్డ ఏది అని అడుగుతుంది. అపెండిక్స్ అంటారు మీరు. తల ఊపుతుంది, మంచి పిల్ల కదా, పెద్దల మాట వింటుంది, లోపల మాత్రం నమ్ముతుంది, అందరూ కలిసి నా బిడ్డను కోసి పారేసిన్రని. ఆ మాట కూడా లోపల పెరుగుతుంది, ఒకటి రెండై, రెండు నాలుగై, దానికి ఏ డాక్టరమ్మ కత్తీ అందదు.

"టీచర్, పెన్ను దియ్యున్రి" అన్నాను. "కాయితం నర్సునడిగి తెస్త. లోపలికి రాన్రి, దాని మంచం పక్కన కూసోన్రి. గర్భసంచి బొమ్మ గియ్యున్రి, దానికి రెండు పక్కల అండాశయాలు గియ్యున్రి, ఏది పోయింది, ఏది ఉన్నది చూపెట్టున్రి. మనిషి మొగ్గ తొడగదని చెప్పున్రి. బిడ్డకు ఇద్దరు కావాల్నని, ఆ ఇద్దరు ఏం జేస్తే బిడ్డ అయితదో, తల దించకుంట, మెల్లగ, అమీబా చెప్పినట్టే చెప్పున్రి. నీ కడుపుల ఉన్నది బిడ్డ కాదు, ఎవ్వలు దాన్ని సంపలేదు, నువ్వు ఏ పాపం జెయ్యలేదు అని చెప్పున్రి. బావా, నువ్వు బయట నిలబడుడు లేదు. నువ్వు గూడ వచ్చి కూసో, మొత్తం విను, విన్నంక నిన్ను నమ్మకపోతినని నీ బిడ్డకు నీ నోటితోని చెప్పు. సోమవారం టీచర్ గిదే పాఠం క్లాసు మొత్తానికి చెప్తది, వెంకటరత్నమ్మ గారు గడపకు అడ్డం నిలబడితే ఆమె ముందట నేను నిలబడుత. గది సోమవారం. గిది ఇప్పుడు. పిల్లకు తెలివొస్తున్నది, నడువున్రి."